శాలువా కప్పించుకున్న మనిషికి నిద్ర పట్టకపోతే

ప్రశ్న:

అక్కా, నమస్తే. పేరు, ఊరు రాయొద్దు. మాది భూపాలపల్లి దిక్కు, వాగు ఒడ్డు మీది ఊరు. పిల్లల సదువుల కోసం హనుమకొండల కిరాయికి ఉంటున్నం. మా ఆయన ఊరికి సర్పంచ్. 2023 జులై వరదప్పుడు కూడ ఆయనే సర్పంచ్, మొన్న ఎలక్షన్ల మళ్ల గెలిచిండు. ఆ రాత్రి వాగు ఊర్లకొస్తే కరెంటు లేదు, ఫోన్లు కలువలేదు. ఇంటింటికి తిరిగి తలుపులు కొట్టి జనాన్ని లేపి బడి మీదికి ఎక్కిచ్చిండు. ఒక ముసలమ్మను మాత్రం నిలుపలేకపోయిండు. చెయ్యి పట్టుకున్నడు గని జారిపోయింది. మూడో రోజు దొరికింది.

అప్పటి సంది ఎక్కడ మీటింగ్ అయినా పిలిచి శాలువా కప్పుతరు. ఇంటికొచ్చినంక కవరు కూడ ఇప్పడు. బీరువల పదకొండు శాలువలు కవర్లల్లనే ఉన్నయి. రాత్రి బూట్లు ఇడువకుండ దర్వాజ కాడ కుర్చీల కూసుంటడు. రేకుల మీద వాన సప్పుడైతే లేస్తడు, ఇగ పడుకోడు. వంతెన మీంచి పోకుండ ఇరవై కిలోమీటర్లు సుట్టు తిరిగి ఊరికి పోతడు. చిన్నోడు బకెట్ల నీళ్లు దబ్బున ఒంపినా వాని మీద లేస్తడు. తాగుడు రోజూ అయింది. గుండె దడ అంటే రెండుసార్లు గుండె డాక్టర్‌కు చూపిచ్చినం, ఈసీజీ మంచిగనే ఉన్నదన్నరు. దడుసుకున్నడని మా అత్తమ్మ తాయత్తు కట్టిచ్చింది.

మొన్న సెల్లుల చూసిన. అమెరికా పాటలామెకు ఎవరికో పీటీఎస్‌డీ అనే రోగమట, మిలిటరోళ్లకు కూడ వస్తదట. అండ్ల చెప్పినయన్నీ ఈయనను చూసి రాసినట్టే ఉన్నయి. గంత పెద్దోళ్లకు వచ్చేది మాకెందుకు వస్తదక్కా? డాక్టర్ దగ్గరికి పోదామంటే, "నేను నలుగుర్ల తిరిగేటోన్ని. సర్పంచ్‌కు పిచ్చి లేసిందంటరు. ఓడిపోయినోళ్లు ఎర్రగడ్డకు పంపుమంటరు. పదవి పోతది" అంటడు. మా తమ్ముడు, ఆ పాటలామె లెక్క యూట్యూబ్‌ల చెప్పు బావా, మంచి పేరొస్తది అంటడు. మా ఆడిబిడ్డ కొడుకేమో వాగు కాడ ఒక పూట నిలబెడితే భయం పోతది అంటడు. మొన్న రాత్రి "ఆమెకు బదులు నేను పోయినా అయిపోవు" అన్నడు. ఎవరి మాట ఇనాలె?

ఒక చెల్లె, హనుమకొండ

సమాధానం:

చెల్లే, అన్నిటికన్నా చివర రాసిన మాటకే ముందు జవాబు చెప్తాను. "నేను పోయినా అయిపోవు" అన్నదాన్ని తాగిన మైకంలో అన్నాడని వదిలెయ్యకు. ఈ రాత్రే, పిల్లలు పడుకున్నాక, ఆయన తాగకుండా ఉన్న వేళ చూసుకుని సూటిగా అడుగు: "సచ్చిపోవాలని అనిపిస్తుందా? ఎట్లనో కూడ అనుకున్నవా?" అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని మనవాళ్లకు భయం. పుట్టదు. లోపల ఒక్కడే మోస్తున్నదాన్ని ఇంకొకరు ముట్టుకున్నారని మాత్రం తెలుస్తుంది. ఊర్లో ఇంట్లో పత్తికి కొట్టే మందు డబ్బాలుంటే నీ తమ్ముడికి చెప్పి రేపే వేరేచోట తాళంలో పెట్టించు. తమ్ముడికి యూట్యూబ్ కన్నా ఇది మంచి పని. ఆయన అవునన్నా, అవునని నీకు అనిపించినా ఒంటరిగా వదలకు, అర్ధరాత్రి అయినా సరే వరంగల్ ఎంజీఎం పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి తీసుకుపో. 14416 నంబరు ఇంట్లో గోడ మీద రాసిపెట్టుకో. టెలిమానస్ అంటారు, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టింది. రాత్రీపగలూ పలుకుతుంది, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. బాధపడే మనిషే చెయ్యాలని రూలేం లేదు. నువ్వు చేసినా వింటారు.

ఇప్పుడు మిగతావి చెప్తా.

పెద్దోళ్ల రోగం మాకెందుకు వచ్చింది అన్నావు. పీటీఎస్‌డీ అంటే ప్రాణం మీదికొచ్చిన సంఘటన చూశాక ఆ భయం మనసును వదలకుండా పట్టుకోవడం. ఇది పెద్దోళ్ల రోగం కాదు చెల్లే, పెద్దోళ్లకు వస్తే పేపర్లో పడే రోగం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం లోకంలో 70 శాతం మంది జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ప్రాణం మీదికొచ్చిన సంఘటన చూస్తారు. అందరికీ ఈ రోగం రాదు. అట్లా చూసినవాళ్లలో సుమారు 5.6 శాతం మందికి వస్తుంది. అదే మీ ఊరి లెక్కన చూడు. ఆ రాత్రి బడి మీదికెక్కిన వందమందిలో తొంభై నలుగురు కొన్ని నెలలకు మామూలై ఉంటారు, ఐదారుగురికి ఆ రాత్రి ఇంకా తెల్లారి ఉండదు. మీ ఆయన ఆ ఐదారుగురిలో ఒకడై ఉండొచ్చు. మిగతావాళ్లు నోరు విప్పలేదు గానీ ఉన్నారు. ఏ ఇంట్లో ఎవరో ఆయనకే ఎరుక ఉండొచ్చు.

ఆ రాత్రి చిన్నది కూడా కాదు. 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. తెలంగాణలో అంతకుముందెప్పుడూ అంత నమోదు కాలేదు. మోరంచవాగు పొంగి మోరంచపల్లి ఊరంతా నీళ్లలో ఉంటే జనం మేడల మీద నిలబడి హెలికాప్టర్ల కోసం ఆకాశం చూసిన రోజది. హనుమకొండలో ఉన్న మాకే ఆ వారం నిద్ర లేదు. చేతిలోంచి ఒక మనిషి చెయ్యి జారిపోయినవాడి సంగతి చెప్పేదేముంది.

నేను ఇక్కడ కూర్చుని ఆయనకు ఫలానా జబ్బు అని తేల్చలేను, అది మానసిక వైద్యుడి పని. కానీ నువ్వు రాసినవి ఒక్కొక్కటే చూస్తే దారి అటే పోతోంది. రేకుల మీద వాన చప్పుడుకు లేవడం, వంతెన తప్పించుకుని ఇరవై కిలోమీటర్లు తిరగడం, బకెట్టు నీళ్లకు ఉలిక్కిపడి పిల్లాడి మీద లేవడం, ఆమెకు బదులు నేను పోవాల్సింది అనుకోవడం, ఇవన్నీ వేర్వేరు జబ్బులు కావు. ఒకే చెట్టు కొమ్మలు. మామూలు జ్ఞాపకానికి తేదీ ఉంటుంది. నీ పెళ్లి గుర్తొస్తే, అది ఇన్నేళ్ల కింద జరిగిందని కూడా మనసుకు తెలుస్తుంది. ఆయన మనసులో ఆ రాత్రికి తేదీ పడలేదు. అందుకే వాన మొదలుకాగానే అది గుర్తురావడం కాదు, జరుగుతున్నట్టే ఉంటుంది. వాగు వస్తోందనుకున్న ఒళ్లు వాగు వస్తే చేసినట్టే చేస్తుంది. గుండె దడదడలాడుతుంది, చేతులు చల్లబడతాయి, కాళ్లకు బూట్లు ఉండాలంటుంది. ఈసీజీ బాగుండడంలో వింత లేదు. గుండె తన పని తాను సక్కగానే చేస్తోంది, తప్పుడు కబురు పైనుంచి వస్తోంది.

నెలలోపు ఇట్లా ఉంటే ఎవరం కంగారుపడం. అంత చూసినవాడికి ఆ మాత్రం ఉండదా అంటాం. నెల దాటితే పేరు పెడతారు. ఈ రోగం వచ్చినవాళ్లలో 40 శాతం దాకా ఏడాదిలో కోలుకుంటారని కూడా ఆ ఆరోగ్య సంస్థే చెప్తుంది. కానీ మీకు ఏడాది ఎప్పుడో దాటింది. ఇంకా చూద్దాం అనేది ఇక కుదరదు.

మా చిన్నాయన సంగతి ఒకటి చెప్పాలి. బొగ్గుబాయిల పనిచేసేవాడు. నాకు తొమ్మిదేళ్లప్పుడు లోపల బండ కూలి పక్కనున్నాయన పోయాడు, మా చిన్నాయన గీరుకుపోయిన భుజంతో బయటికొచ్చాడు. ఆ తర్వాత పదేళ్లు ఆయన ఇంట్లో పడుకోవడం నేను చూడలేదు. ఎండాకాలమైనా చలికాలమైనా వాకిట్లో మంచం, తలాపున బ్యాటరీ లైటు. రాత్రి మధ్యలో ఆ లైటు వెలిగేది. చూరు మీద ఒకసారి, దూలం మీద ఒకసారి తిరిగి ఆరిపోయేది. మళ్లీ కాసేపటికి వెలిగేది. మేము పిల్లలం దాన్ని ఆటలాగా లెక్కపెట్టుకునేవాళ్లం. పెద్దోళ్లు "వాడు మంచోడే గని ముంగి అయిండు" అనేవారు. అంత్రాలు కట్టారు, కోళ్లు కోశారు, జాతరకు తీసుకుపోయారు. ఎవరికీ చెడ్డ మనసు లేదు. ఆ లైటు ఎందుకు వెలుగుతోందో అడగాలని మాత్రం ఎవరికీ తోచలేదు, నేను ఈ పనిలోకి వచ్చేదాకా నాకూ తోచలేదు. మీ అత్తమ్మ కట్టించిన తాయత్తును విప్పించకు. దాని దారి దానిది. దానితోనే అయిపోయిందని మాత్రం అనుకోవద్దని చెప్పు.

ఇక ఆ పేరున్న మనుషుల సంగతి. నువ్వు సెల్లో చూసినామె బహుశా లేడీ గాగా. పంతొమ్మిదేళ్లప్పుడు ఆమె మీద అత్యాచారం జరిగింది. తనకు ఈ రోగం ఉందని లోకానికి చెప్పింది 2016 డిసెంబర్‌లో, ముప్పై ఏళ్ల వయసులో. మధ్యలో పదకొండేళ్లు. ఆ పదకొండేళ్లలోనే ఆమె పాటలు ప్రపంచమంతా మోగాయి. ఇంకో గాయని ఆరియానా గ్రాండే. 2017 మే 22న ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో ఆమె కచేరీ అయిపోయి జనం బయటికి వెళ్తుంటే బాంబు పేలి 22 మంది చనిపోయారు. రెండు వారాలు తిరక్కుండానే, జూన్ 4న, అదే ఊరికి తిరిగొచ్చి వాళ్ల కోసం పాడింది. ఎంత గుండెధైర్యం అనుకున్నారంతా. తర్వాతి ఏడాది కానీ చెప్పలేదు, లోపల ఏం జరుగుతోందో. స్టేజీ మీద నిలబడ్డాడు కాబట్టి బాగున్నాడు అనే లెక్క ఎంత తప్పో చూడు. మీ ఆయన ఎలక్షన్ గెలిచిండు కదా, మీటింగుల్లో మాట్లాడుతుండు కదా, ఇంక రోగమేంది అనేవాళ్లు మీ ఇంటికీ వస్తారు.

ఆరియానా 2019లో తన మెదడు స్కానింగ్ బొమ్మలు కూడా బయట పెట్టింది. అది చూసి హనుమకొండలో నీ తమ్ముడు తలకాయ స్కానింగ్ రాయించమని డాక్టరు మీద పడతాడేమో, పైసలు దండుగ. ఈ రోగాన్ని స్కానింగులోనో రక్తపరీక్షలోనో తేల్చరు. కూర్చోబెట్టి అడిగి, విని తేలుస్తారు.

కానీ మీ ఆయనకు వినిపించాల్సిన కథ పాటలవాళ్లది కాదు, ఒక మిలిటరీ జనరల్‌ది. రోమియో డలైర్, కెనడా దేశస్థుడు. 1994లో ఆఫ్రికాలోని రువాండాలో ఐక్యరాజ్యసమితి శాంతిసేనకు అధిపతి. అక్కడ నరమేధానికి ఏర్పాట్లు జరుగుతున్నాయని, ఆయుధాలు దాస్తున్నారని ఆ ఏడాది జనవరిలోనే న్యూయార్క్‌లోని సమితి ఆఫీసుకు కబురు పంపాడు. దాచిన ఆయుధాలు పట్టుకోవడానికి అనుమతి రాలేదు. ఏప్రిల్‌లో చంపడం మొదలైంది. సుమారు వంద రోజుల్లో 8 లక్షల మంది. ఇంకా మనుషులను పంపండి అని ఆయన అడుగుతుంటే, భద్రతా మండలి ఉన్నవాళ్లను 270 మందికి తగ్గించమని తీర్మానం చేసింది. ఆయన కదల్లేదు. మిగిలిన కొద్దిమందితోనే ఉండిపోయి వేలమందిని కాపాడాడు.

ఇంటికొచ్చాక పతకాలు పెట్టారు, పై హోదా ఇచ్చారు. మన శాలువాలే అనుకో. ఆయనకు ఆ పతకాల్లో కనిపించింది కాపాడిన వేలమంది కాదు, కాపాడలేని లక్షల మంది. 2000లో ఈ జబ్బు కారణంగానే సైన్యం నుంచి బయటికొచ్చాడు. ఆ ఏడాదే ఒక పార్కులో బెంచీ కింద, తాగిన మందూ వేసుకునే మాత్రలూ కలిసి వికటించి, పడిపోయి ఉంటే ఎవరో చూసి ఆసుపత్రికి చేర్చారు. దేశమంతా తెలిసిన జనరల్, బెంచీ కింద. పేపర్లలో వచ్చింది. మీ ఆయన భయపడేది సరిగ్గా ఇదే కదా? ఆ తర్వాత ఏమైందో కూడా చెప్పు. చికిత్స సాగింది. 2005లో కెనడా సెనేట్ సభ్యుడయ్యాడు, 2014 దాకా చేశాడు. ఆ రోగం తనకు ఉందని చెప్పుకుంటూనే చేశాడు.

నువ్వు శాలువాల గురించి రాసింది చదువుతుంటే నాకు ఆయనే గుర్తొచ్చాడు. మీ ఆయనకు శాలువా కప్పినప్పుడల్లా జనం "ఇంతమందిని కాపాడినవు" అంటున్నారు, ఆయన చెవిలో మాత్రం "ఆమెనెందుకు వదిలినవు" అని పడుతోంది. అందుకే కవరు విప్పడు. అది గర్వం లేకపోవడమో వినయమో కాదు. కాబట్టి ఇంట్లో మీరు కూడా "నువ్వెంతమందిని కాపాడినవో చూడు" అని ఓదార్చకండి. మంచి మాటే, ఆయనకు మాత్రం పన్నెండో శాలువా అవుతుంది. "ఆ రాత్రి నీకేమైంది?" అని అడిగి ఊరుకో. చెప్తే విను, చెప్పకపోతే టీ పెట్టి ఇవ్వు. గుచ్చి గుచ్చి మొత్తం కక్కించాలని చూడకు. బలవంతంగా చెప్పించడం మందు కాదు.

ఆడీ మర్ఫీ అని రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా అంతటికీ పేరుమోసిన సైనికుడు, తర్వాత సినిమా హీరో. నలభైకి పైగా సినిమాలు చేశాడు. రాత్రిళ్లు తలగడ కింద గుండ్లు నింపిన పిస్తోలు పెట్టుకుని పడుకునేవాడు. ఆయనకు పిస్తోలు, మీ ఆయనకు బూట్లు. 1971లో విమాన ప్రమాదంలో పోయాడు. ఈ రోగానికి పీటీఎస్‌డీ అనే పేరును అమెరికా వైద్యుల పుస్తకంలో చేర్చింది 1980లో. అంటే తనకున్నదానికి ఇప్పటి పేరు ఏమిటో తెలియకుండానే పోయాడు. అంతకుముందు మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో దీన్ని షెల్ షాక్ అనేవారు, పక్కన గుండు పేలితే మెదడు అదిరిందనుకునేవారు. కొందరు పిరికితనం అనేవారు. మన దగ్గర దడుపు అన్నాం. నన్నడిగితే దడుపు అన్న మాట పిరికితనం కన్నా నయం, మనిషిని తిట్టదు.

ఇప్పుడు మీ తమ్ముడి సలహా. వీళ్లంతా చెప్పుకున్నారు కదా, బావా నువ్వూ చెప్పు అంటున్నాడు. అతను చూడనిది వాళ్లు ఎప్పుడు చెప్పారనేది. లేడీ గాగా పదకొండేళ్లకు. బ్రిటన్ రాకుమారుడు హ్యారీకి 1997లో పన్నెండేళ్లప్పుడు తల్లి పోయింది, ఇరవై ఏళ్లు మూసిపెట్టుకున్నానని 2017లో చెప్పాడు. తాను చికిత్స తీసుకోవడాన్ని టీవీలో చూపించింది 2021లో. ముందు డాక్టరు, తర్వాత మైకు. ఎవరూ యూట్యూబ్ చానల్‌తో మొదలుపెట్టలేదు. మానని పుండు మీద గుడ్డ నలుగురిలో విప్పితే గాలి తగలదు, ఈగలు వాలతాయి. మీ ఆయన ఇప్పుడు కెమెరా ముందు కూర్చుంటే, చానల్ వాడు అడిగే మొదటి ప్రశ్న "చెయ్యి ఎట్ల జారిందన్నా?" అనే. ఆ రాత్రి ఆయనకు నిద్ర ఎవరు తెస్తారు? కింద వచ్చే కామెంట్లు ఎవరు చదువుతారు? కోలుకున్నాక, తనకు తానుగా అనిపిస్తే చెప్పుకోవచ్చు. చెప్పకపోయినా ఆయన ఎవరికీ బాకీ లేడు. మన దేశంలో దీపికా పదుకొణే 2015లో తన డిప్రెషన్ గురించి చెప్పింది, దానివల్ల ఎంతోమంది నోరు విప్పారు, మంచిదే. మన రాజకీయాల్లో మాత్రం మోకాలి ఆపరేషన్‌ను కూడా గుట్టుగా చేయించుకుంటారు. ఆ గోడను మీ సర్పంచే పగలగొట్టాలని ఏమీ లేదు.

పదవి పోతుందన్న భయానికి సూటి జవాబు ఉంది, ఇది ఆయనకు చదివి వినిపించు. రాజ్యాంగంలో 243ఎఫ్ అధికరణం ప్రకారం ఎమ్మెల్యే కావడానికి ఏవి అనర్హతలో పంచాయతీ సభ్యులకూ అవే వర్తిస్తాయి. మనస్సుకు సంబంధించి 191వ అధికరణం చెప్పేది ఒకటే, మతిస్థిమితం లేదని తగిన కోర్టు ప్రకటించి ఉండాలి. డాక్టరు చీటీ, మాత్రల పట్టీ, ఓపీ కాగితం, ఇవేవీ కోర్టు ప్రకటన కావు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో మూడో సెక్షన్ ఇంకా విడమరిచి చెప్పింది. మానసిక అనారోగ్యం ఉందని తేలినంత మాత్రాన మతిస్థిమితం లేదని అర్థం తీయకూడదు. అదే చట్టం 23, 24 సెక్షన్ల ప్రకారం ఆయన జబ్బు వివరాలు గోప్యంగా ఉంచాలి, ఆయన ఒప్పుకోకుండా ఫొటో గానీ వివరాలు గానీ మీడియాకు ఇవ్వకూడదు. ఓడిపోయినవాళ్లు మాటలంటారు, అంటూనే ఉంటారు. ఇప్పుడు తాగి తిరుగుతుండని అనడం లేదా?

ఎర్రగడ్డ అన్న మాట మనకు తిట్టయి కూర్చుంది. హైదరాబాద్‌లో అక్కడున్నది ప్రభుత్వ మానసిక వైద్య సంస్థ. పొద్దున బస్సు దిగి, ఓపీలో చూపించుకుని, మాత్రలు తీసుకుని, సాయంత్రం బస్సెక్కి ఇంటికి పోయేవాళ్లు ఎంతోమంది. అయినా మీకు అంత దూరం అక్కర్లేదు, ఎంజీఎంలో మానసిక వైద్య విభాగం ఉంది. అక్కడ తెలిసినవాళ్లు కనిపిస్తారని ఆయనకు ఇబ్బంది అయితే కరీంనగర్ పొండి. సిగ్గుపడాలని చెప్పడం లేదు, మొదటి అడుగు ఎటు పడితే అటు పడనీ అంటున్నాను. "నీకు పిచ్చి, డాక్టర్ దగ్గరికి పోదాం" అనకు. "నిద్ర లేక ఎన్నాళ్లాయె, నిద్ర కోసం చూపించుకుందాం" అను. అబద్ధం కూడా కాదు.

ఆడబిడ్డ కొడుకు చెప్పిన వాగు వైద్యం గురించి. ఆ పిల్లాడి మాటలో నిజం సగం ఉంది, అందుకే ప్రమాదం. తప్పించుకున్నకొద్దీ భయం పెరుగుతుందన్నది నిజమే. చికిత్సలో కూడా ఆ దగ్గరికే తీసుకుపోతారు. అయితే ఎత్తుకుపోయి నిలబెట్టరు. ఆయనే కూర్చుని ఒక జాబితా రాస్తాడు, తేలికైనది కింద, కష్టమైనది పైన. మొదట బకెట్టులో నీళ్లు ఒంపే చప్పుడు వింటూ కూర్చోవడం. తర్వాత సెల్లో వాన చప్పుడు. తర్వాత వంతెన కనిపించేంత దూరంలో బండి ఆపి, గుండె నెమ్మదించేదాకా ఉండి, వెనక్కి రావడం. ఇట్లా వారాలు. పగ్గం ఆయన చేతిలోనే ఉంటుంది. దాంతోపాటు గదిలో ఆ రాత్రి సంగతిని మొదటి నుంచి చివరి దాకా, వర్తమానంలో జరుగుతున్నట్టు, మళ్లీ మళ్లీ చెప్పిస్తారు. వారానికొకసారి, గంట నుంచి గంటన్నర, మొత్తం ఎనిమిది నుంచి పదిహేను సార్లు. మొదటి రెండు మూడు వారాలు ఇంటికొచ్చాక ఇంకా చికాకుగా ఉంటాడు, ముందే చెప్తున్నా, అది చూసి మాన్పించకండి. చెప్పగా చెప్పగా ఆ రాత్రికి తేదీ పడుతుంది. హ్యారీ చేయించుకున్నది ఈఎండీఆర్ అని ఇంకో పద్ధతి. బాధపెట్టే దృశ్యాన్ని తలచుకుంటూ, చూపును అటూ ఇటూ కదిలిస్తూ, లేదా భుజాల మీద మార్చి మార్చి తడుతూ చేస్తారు. చూడ్డానికి మన మంత్రగాళ్ల పనిలాగే ఉంటుంది గానీ పనిచేస్తుందని పరీక్షించి తేల్చినదే.

మాత్రలు కూడా ఉన్నాయి. సెర్ట్రాలిన్, పారోక్సెటిన్ లాంటివి డాక్టరు రాస్తాడు. నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది గుణం తెలియడానికి, వారానికే ఏం లేదని పడెయ్యొద్దు. వీటికి మత్తు అలవాటు పడదు, కానీ బాగయిందని ఒక్కసారిగా ఆపకూడదు. మెడికల్ షాపులో అడిగితే ఇచ్చే నిద్రమాత్రలున్నాయే, అల్ప్రాజోలం రకం, అవి మాత్రం సొంతంగా వద్దు. ఈ రోగాన్ని తగ్గించవు, పైగా తాగే మందుతో కలిస్తే ఊపిరి మీదికి తెస్తాయి.

తాగుడు సంగతి. ఆయన తాగేది సరదాకు కాదు, ఆ రాత్రిని ఆపడానికి. అది నీకూ తెలుసు. కానీ కోపంతో ఒక రోజున సీసాలన్నీ పారబోసి ఆపించకు. రోజూ తాగే ఒంటికి ఒక్కసారిగా ఆగితే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. ఊర్లో కల్లు అలవాటుంటే అదీ డాక్టరుకు చెప్పు. మన దిక్కు కల్లులో కలిపే మత్తు పొడులు నీకు తెలియనివి కావు, వాటిని ఆపినప్పుడూ అదే ఇబ్బంది. ఎంత తాగుతాడో, ఏది తాగుతాడో దాచకుండా చెప్తే డాక్టరే మెల్లగా తగ్గించే మార్గం చూస్తాడు. గుండె డాక్టరు కాగితాలు కూడా వెంట పెట్టుకుపో, మళ్లీ ఈసీజీ తీయకుండా సరిపోతుంది.

చిన్నోడిని కూర్చోబెట్టుకుని చెప్పు. నాయిన అరిచింది నీ మీద కాదు, నీళ్ల చప్పుడు మీద అని. పిల్లలు ఇంట్లో ప్రతిదానికీ కారణం తామేననుకుంటారు. మేము బ్యాటరీ లైటు లెక్కపెట్టిన వయసే వాడిది.

ఇంకో మాట, క్యాలెండర్ చూసుకో. జూన్‌లో తొలకరి పడగానే ఈయనకు ఎక్కువవుతుంది, జులై ఆఖరి వారం మరీ ఎక్కువ. ఆ తేదీ దగ్గర పడుతుంటే ఎవరో వరద వీరులకు సన్మానం అని పిలుస్తారు. ఈ ఏడు వద్దని నువ్వే ఫోన్లో చెప్పు, ఒంట్లో బాగాలేదను చాలు. ఆ రాత్రి వాన పడితే ఆయన కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేసుకుని కూర్చో. బూట్లు విప్పమని అనకు. ఎప్పుడు విప్పాలో ఆయనకు తెలుస్తుంది.

శాలువాలు కూడా ఆ కవర్లల్లనే ఉండనీ. మడతలు మార్చొద్దు, ఎవరికీ ఇవ్వొద్దు. డాక్టరును కలిసొచ్చాక రెండు ముక్కలు రాయి. ఊరి పేరు రాయకున్నా నిన్ను గుర్తుపడతాను.